పొట్లం కట్టి అమ్మిన థైరామ్

2018 నవంబరు మొదటి వారం. ఏన్కూరు నుంచి అడవి వైపు పోయే రోడ్డు మీద మా కొట్టు. బోర్డు మీద ఎరువులు, విత్తనాలు, పురుగుమందులు అని రాసి ఉంటుంది గానీ, ఊరంతా మందుల కొట్టు అనే అంటారు. తలనొప్పి గోలీ ఉందా అని అడిగేవాళ్లు ఇప్పటికీ వారానికి ఒకరైనా వస్తారు. మా ఆయన లెక్కల మాస్టారు. పొద్దున్నే వైరా బస్సెక్కితే సాయంత్రం దాకా రాడు. నేను బీఎస్సీ కెమిస్ట్రీ చదివినదాన్ని కాబట్టి లైసెన్సు నా పేరు మీదే వచ్చింది. కొట్టూ, కొట్లో కయ్యాలూ కూడా నావే. శారదక్కకు నోరెక్కువ అని రైతులు నా ముందే అంటారు. ఆ నోరే లేకపోతే పదహారేళ్లు ఈ వ్యాపారం చేయడం నావల్ల అయ్యేది కాదు.

ఆ పదహారేళ్లలో ఎన్నో చూశాను. అయినా, మీ పనిలో మరచిపోలేనిది ఏమిటి అని ఎవరడిగినా నా నోట వచ్చేది ఒకటే. అందులో నా తప్పు ఉంది, కాస్త నా తెలివీ ఉంది. రెండోది చెప్పాలంటే మొదటిది ఒప్పుకోక తప్పదు.

ముందు థైరామ్ అంటే ఏమిటో చెప్పాలి. అది ఫంగిసైడ్, అంటే శిలీంద్రాన్ని, మన మాటల్లో బూజును, చంపే మందు. తెలుపులో కొంచెం మీగడ రంగు కలిసిన మెత్తటి పొడి. మూత తీస్తే గంధకం వాసన సన్నగా తగులుతుంది. నీళ్లలో సరిగా కరగదు. అందుకే మొక్కల మీద కొట్టేకంటే విత్తనాలకు పట్టించడానికే మా దగ్గర ఎక్కువ వాడతారు. దాన్నే సీడ్ ట్రీట్‌మెంట్ అంటాం. కిలో గింజలకు మూడు గ్రాములు. వేరుశనగ గింజ తడి నేలలో పడ్డాక మొలక రాకముందే కుళ్లిపోతుంది, వచ్చిన మొలక మొదలు దగ్గర నల్లబడి వాలిపోతుంది. గింజకు థైరామ్ పట్టించి ఉంటే ఆ బూజు దగ్గరికి రాదు. ఇది కాంటాక్ట్ మందు, అంటే మొక్క లోపలికి పాకదు, పైనే కాపలా కాస్తుంది. ఇంకో మంచి గుణం కూడా ఉంది. దీని రుచి జంతువులకు నచ్చదు. అడవి అంచు పొలాల్లో ఉడతలూ కుందేళ్లూ గింజలు తవ్వుకుని తినకుండా కొంత అడ్డుపడుతుంది.

చెడ్డ గుణాలూ ఉన్నాయి. కళ్లకు, ముక్కుకు, గొంతుకు మంట. చర్మం మీద దద్దుర్లు. చేపలకు మహా విషం కాబట్టి పట్టించిన పాత్రలు వాగులో కడగకూడదు. మిగిలిన గింజలు కోళ్లకు వేస్తే వాటి కాళ్లు వంకరపోతాయి, పెంకు లేని తోలుగుడ్లు పెడతాయి. ఇవన్నీ నాకు కంఠతా వచ్చు. తెలియనిది ఒక్కటే మిగిలింది. అదే ఆ నవంబరులో నా కొంప ముంచబోయింది.

కోటేశ్వరరావు గారు మా పాత ఖాతాదారు. వాళ్ల నాన్నగారి కాలంలో కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ భూమి కొన్నారు. ఇప్పటికీ ఆయన మాటలో ఆ యాస పోలేదు. అడవిని ఆనుకుని ఎనిమిదెకరాల ఎర్రనేల ఉంది. అంతకు ముందటేడు వేరుశనగ వేస్తే సగం గింజ భూమిలోనే కుళ్లింది. ఈసారి పట్టుదలగా వచ్చారు.

"శారద గారూ, రేపు పొద్దున్నే విత్తుతున్నామండీ. గింజలు అయిదు క్వింటాళ్లు. మందు ఇప్పించండి."

"కిలోన్నర కావాలి. చిన్న ప్యాకెట్లు నిన్ననే అయిపోయాయండీ. రెండు రోజులు ఆగండి."

"ఇంకెక్కడాగను? నేల పదును ఆరిపోతే మళ్లీ వాన ఎప్పుడో! కూలీలు కూడా కుదిరారు. మీ దగ్గర పెద్ద బస్తా ఉందిగా లోపల."

ఉంది. దాన్ని విప్పి విడిగా అమ్మకూడదు. చట్టం ఒప్పుకోదు, మా లైసెన్సు మీద కూడా అదే రాసి ఉంటుంది. సీలు తీయకుండా, లేబుల్‌తో, లోపలి కరపత్రంతో సహా ఇవ్వాలి. ఇది నాకు తెలియదా? తెలుసు. కానీ రైతు పదును పోతుందంటుంటే, కొట్టు ముందు ఇంకో అయిదుగురు నిలబడి ఉంటే, ఆ తెలిసింది మూల కూర్చుంటుంది. బస్తా విప్పాను. పాలిథిన్ కవరులో కిలోన్నర తూచాను. పైన పాత దినపత్రిక చుట్టి, పప్పులు కట్టినట్టు పొట్లం కట్టి దారం బిగించాను. చేతులకు తొడుగులు వేసుకోమనండి అని చెప్పినట్టే గుర్తు. అప్పటికే నా చూపు తర్వాతి మనిషి మీద ఉంది. ఆయన విన్నారో లేదో చూడలేదు.

మర్నాడు మధ్యాహ్నం రెండు దాటింది. అన్నం గిన్నె మూత తీశానో లేదో ఫోన్ మోగింది. ఊళ్లో ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో స్టాఫ్ నర్సు స్వరూప. నాకు మంచి స్నేహితురాలు. ఎప్పుడూ ముందు తిన్నావా అని అడిగే మనిషి, ఆ రోజు అడగలేదు.

"అక్కా, కోటేశ్వరరావు పొలంకెళ్లి అయిదుగురిని ట్రాలీల ఏసుకొచ్చిండ్రు. కల్లు తాగి పడిపోయిండ్రంటున్నరు. కానీ బట్టల నిండా తెల్ల పొడి ఉంది. నువ్వేమిచ్చినవ్ వాళ్లకు?"

"థైరామ్ ఇచ్చిన. విత్తనానికి పట్టించేది. అది మనుషుల్ని గట్ల పడగొట్టదు స్వరూపా!"

"పురుగుమందు తాగినోళ్ల లెక్క కనిపిస్తలేరు. కంటిపాప చిన్నగ కాలే, నోట్ల చొంగ లేదు. మొఖాలు నిప్పుల లెక్క కాలుతున్నయ్, గుండె ఉరుకుతుంది, బీపీ దిగిపోతుంది. డాక్టర్ సారు లేబుల్ అడుగుతుండు. ప్యాకెట్ ఏదంటే, కాగితం పొట్లం అంటున్నరు!"

లేబుల్ ఎక్కడుంది? నా కొట్లో, విప్పిన బస్తా మీద. ప్రాణాల మీదికి వచ్చిన వేళ డాక్టరుకు అక్కరకు రావాలనే కదా ఆ లేబుల్ వేసేది! దాన్ని నా దగ్గరే ఉంచుకుని, పొడిని మాత్రం ఊరి మీదికి పంపాను. నన్ను నేను తిట్టుకుంటూ బస్తా మూతి బిగించి కట్టి, ఇంకో పెద్ద సంచిలో దించి, స్కూటీ ముందు పెట్టుకుని బయల్దేరాను. షట్టరు సగమే దించానని మర్నాడు పక్క కొట్టు ఆయన చెబితే గానీ తెలియలేదు.

ఆరోగ్య కేంద్రంలో ఉన్నవి ఆరు మంచాలు. అయిదింటి మీద మనుషులున్నారు. నలుగురు మగవాళ్లు, ఒక పెద్దావిడ. నాకు వాళ్లలో భద్రు బాగా తెలుసు. పక్క తండా మనిషి, కోటేశ్వరరావు గారి పొలంలో కూలీల జట్టు నడిపేది అతనే. ఆ పెద్దావిడ భద్రు తల్లి. సెలైన్లు ఎక్కుతున్నాయి. భద్రు కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి. తల రెండు చేతులతో పట్టుకుని, "అక్కా, నెత్తి పగులుతుంది. గుండె బయటికొస్తది" అన్నాడు. వాళ్లమ్మకు మాట రావడం లేదు. ఆవిడ బీపీ మరీ తక్కువగా ఉందని 108 పిలిచారు.

"సంగతి ఏంది, వరసగా చెప్పు" అన్నాను.

ఆగి ఆగి చెప్పాడు. పొద్దున ఏడింటికి పొలంలో నీలం టార్పాలిన్ పట్టా పరిచి గింజలు పోశారు. గంజి చిలకరించి, నా పొట్లం విప్పి, పొడి చల్లి, నలుగురు మగవాళ్లూ మోచేతుల దాకా పెట్టి కలిపారు. తర్వాత ట్రాక్టరు సాళ్లు తోలుతుంటే ఆడవాళ్లు వెనకాల ఒళ్లో గింజలు పోసుకుని వేసుకుంటూ వెళ్లారు. మా వైపు విత్తనం పెట్టిన రోజు మధ్యాహ్నం ఆసామి అందరికీ కల్లు పోయిస్తాడు. మొదటి దొప్ప సాలులో వంచి, రెండోది నోట్లో పోసుకోవడం ఆనవాయితీ. కల్లు తెచ్చింది ముత్తయ్య. ఆ గట్టు మీది ఈత చెట్లన్నీ ఆయన గీసేవే. మోదుగాకులు కోసి, అవే చేతులతో దొప్పలు కుట్టుకుని, అందులోనే తాగారు. పావుగంటలో ఒక్కొక్కరే కూలబడ్డారు.

"ముత్తయ్య కల్లుల మందు కలిపిండంటున్నరు" అన్నాడు భద్రు. "నాకైతే నమ్మకం లేదక్కా. నా పెండ్లికి కూడా ఆయనే పోసిండు."

స్వరూప ఈలోగా బస్తా మీది లేబుల్ చదువుతోంది. నర్సు చదువు అయ్యాక మూడేళ్లు పట్నంలో తాగుడు మాన్పించే వార్డులో పనిచేసి వచ్చిన పిల్ల. ఉన్నట్టుండి తలెత్తింది.

"అక్కా, మా వార్డుల తాగుడు మానాలని ఒక గోలీ ఇచ్చేటోళ్లం. డైసల్ఫిరామ్. అది ఏసుకుని దొంగతనంగ తాగినోడు అచ్చం గిట్లనే అయితడు. మొఖం ఎర్రగ, గుండె దడ, వాంతులు, బీపీ డౌన్. ఇందాకటికెళ్లి నాకు అదే గుర్తొస్తుంది. గీళ్లెవరు గోలీ ఏసుకోలే కదా అని ఊకున్న. గీ బస్తా మీది పేరు చూడు!"

చూశాను. టెట్రామిథైల్ థైయురామ్ డైసల్ఫైడ్. ఆమె ఫోన్‌లో వెతికి గోలీ రసాయన నామం నా ముందు పెట్టింది. టెట్రాఇథైల్ థైయురామ్ డైసల్ఫైడ్.

నా ఒళ్లు ఝల్లుమంది! ఇరవై ఏళ్ల కిందట డిగ్రీ క్లాసులో నల్లబల్ల మీద గీసిన బొమ్మలు కళ్ల ముందు లేచి నిలబడ్డాయి. రెండూ ఒకే అణువు అనొచ్చు. నాలుగు మూలలా తగిలించిన కొమ్మల్లో తేడా, అంతే. థైరామ్‌లో ఒక్కో కొమ్మకు ఒక కార్బన్, గోలీలో రెండు. ఒకే తల్లి బిడ్డలు! ఒకదాన్ని నేను బస్తాల్లో అమ్ముతున్నాను, ఇంకోదాన్ని డాక్టర్లు చీటీ రాసి ఇస్తున్నారు. ఇన్నేళ్లూ ఆ పేరు రోజూ చూస్తూ నాకెందుకు తట్టలేదు! పట్టరాని సంతోషం, పట్టరాని సిగ్గు రెండూ ఒకేసారి వచ్చాయి. స్వరూప భుజాలు పట్టుకుని ఊపేశాను. మంచాల మీది వాళ్లు మమ్మల్ని పిచ్చివాళ్లను చూసినట్టు చూశారు.

డాక్టరు గారు మా అరుపులకు వచ్చి, మొత్తం విని, పట్నంలో విషాల సంగతి తెలిసిన డాక్టరుకు ఫోన్ చేసి మాట్లాడారు. అవును, థైరామ్‌తో ఇది జరుగుతుంది అన్నారు అవతల. మా డాక్టరు గారు ఫోన్ పెట్టేసి మాకు విడమరిచి చెప్పారు. మనం తాగిన సారాయైనా కల్లైనా ఒంట్లో ముందు ఒక విషపదార్థంగా మారుతుంది. ఆ వెంటనే లివర్‌లోని ఒక ఎంజైమ్ దాన్ని విరిచి పడేస్తుంది. థైరామ్ ఆ ఎంజైమ్‌ను కట్టేస్తుంది. రైల్వే గేటు పడితే వెనకాల బండ్లన్నీ ఆగిపోయినట్టు, ఆ విషం ఒంట్లోనే పేరుకుంటుంది. రబ్బరు ఫ్యాక్టరీల్లో కూడా ఇదే జాతి రసాయనాలు వాడతారని, అక్కడి పనివాళ్లు పని దిగాక తాగితే ఇట్లాగే అయ్యేదని తర్వాత నేను చదివాను. దానికి వేరే విరుగుడు లేదు. సెలైను, ఆక్సిజన్, కనిపెట్టుకుని ఉండటం.

"ఇంకో ముఖ్యమైన మాట" అన్నారు డాక్టరు. "ఇది గంటల్లో పోదు. ఆ పొడి ముట్టినవాళ్లెవరూ రెండు వారాలు చుక్క తాగకూడదు. వాళ్లింకా పొలంలోనే ఉన్నారా? కల్లు మిగిలి ఉందా?"

భద్రు మంచం మీది నుంచే అన్నాడు. "ఇంకో లొట్టి నిండ కల్లు ఉంది సారూ. ఆడోళ్లు మాపటేల ఇండ్లకు తీస్కపోతరు. ముత్తయ్యను ఆడనే పట్టుకున్నరు. కట్టేసిండ్రు."

మళ్లీ స్కూటీ. నాలుగు కిలోమీటర్ల మట్టిరోడ్డు. అంత వేగంగా నేనెప్పుడూ నడపలేదు. గుంతలు లెక్కచేయలేదు. దారంతా నాలో నేనే లెక్క అప్పజెప్పుకుంటున్నాను. పొడి ముట్టి కల్లు తాగినవాళ్లు పడిపోవాలి. ముట్టి తాగనివాళ్లు, ముట్టకుండా తాగినవాళ్లు బాగుండాలి. ఈ లెక్క సరిపోతే ముత్తయ్య బయటపడతాడు. సరిపోకపోతే?

పొలంలో పాతిక ముప్పై మంది చేరి ఉన్నారు. ట్రాక్టరు ట్రాలీకి ముత్తయ్యను కట్టేశారు. చెట్టెక్కడానికి నడుముకు చుట్టుకునే ఆయన మోకుతోనే కట్టేశారు. అరవై దాటిన మనిషి. పెదవి చిట్లి నెత్తురు కారుతోంది. ఖాళీ లొట్లు పగిలి కింద పడున్నాయి. ఎక్సైజు వాళ్లకు ఫోన్ చేశామని, వాళ్లు వచ్చేలోపు చెట్ల తలలు కొట్టేస్తామని అరుస్తున్నారు. ఈత చెట్టు తల కొడితే ఇక చెట్టు చచ్చినట్టే. ఆయన జీవనం ఆ ఇరవై చెట్ల మీదే. అందరికంటే గట్టిగా అరుస్తున్నవాడు రాములు. గట్టు మీద కంప కొట్టే పనికి వచ్చాడు. అతనికీ వాంతులయ్యాయి గానీ ఆస్పత్రికి పోలేదు.

కోటేశ్వరరావు గారు ఎదురొచ్చి నన్ను పక్కకు తీసుకెళ్లారు. ఫోన్‌లో స్వరూప ఆయనకు సంగతి చెప్పిందట.

"శారద గారూ, విన్నానండీ. కానీ ఇప్పుడా మాట ఇక్కడ ఎత్తకండి. జనం వేడి మీదున్నారు. మీరు విడిగా అమ్మారని తేలితే మీ లైసెన్సు ఏమవుతుంది? నేను తొడుగులు ఇవ్వలేదని నా మీదికీ వస్తారు. ముత్తయ్య సంగతి రేపు నెమ్మదిగా సర్దుదాం."

ఒక్క క్షణం ఆలోచించాను. ఆలోచించలేదంటే అబద్ధం. కొట్టు కళ్ల ముందు కదిలింది. ఈలోగా ముత్తయ్య నా వైపు చూశాడు. ఆయనకు నా సంగతేమీ తెలియదు. ఎవరో చదువుకున్న మనిషి వచ్చిందని మాత్రమే ఆశగా చూశాడు.

ట్రాలీ ఎక్కి నిలబడ్డాను. నా నోరు సంగతి తెలుసు కదా.

"కల్లుల ఏం లేదు! మందు నాది! నేనే పొట్లం కట్టి అమ్మిన. ఆ పొడి ముట్టి కల్లు తాగితేనే గిట్లయింది. నన్ను తిట్టాలంటే తర్వాత తిట్టుండ్రి, ముందు నేనడిగినదానికి జవాబు చెప్పుండ్రి. ట్రాక్టరు తోలింది ఎవరు?"

"నేను" అన్నాడు డ్రైవరు.

"కల్లు తాగినవా?"

"నాలుగు దొప్పలు తాగిన."

"ఏమన్నా అయిందా?"

"ఏం కాలే. మంచిగనే ఉన్న."

"గింజలు ముట్టినవా?"

"నేనెందుకు ముడ్త? స్టీరింగు ఇడిస్తె గద."

గింజలు వేసిన ఆడవాళ్ల వైపు తిరిగాను. నలుగురు ఒకచోట నిలబడి ఉన్నారు. "మీరు గింజలు ముట్టిండ్రా?"

"అవ్, పొద్దుందాక అదే పని."

"కల్లు?"

"ముట్టలే. మాపటేలకు పెట్టుకున్నం."

"వొంట్ల బాగుందా?"

"బాగనే ఉంది. చేతులు జర మండుతున్నయంతే."

"భద్రు తల్లి మీతోనే గింజలేసింది కదా. ఆమె తాగిందా?"

ఒకామె నోటి మీద చెయ్యి పెట్టుకుంది. "తాగింది! రెండు దొప్పలు తాగింది. మాలో ఆమె ఒక్కతే తాగింది!"

గుంపులో గుసగుస మొదలైంది. నాకు ఒళ్లంతా పులకరింత! ప్రతి జవాబూ నేను దారిలో వేసుకున్న గడిలో వచ్చి పడుతోంది. ఇంకేముంది, గెలిచాననుకున్నాను. సరిగ్గా అప్పుడే రాములు ముందుకు దూకాడు.

"మరి నాదేంది? నేను గింజ ముట్టలే. పొడి ముట్టలే. పొద్దుటికెళ్లి గట్టు మీద కంప కొట్టుకుంట ఉన్న. తాగింది ఒక్క దొప్ప. నాకెందుకు కక్కులైనయ్? చెప్పు!"

నా లెక్కలో వాడికి గడి లేదు. "దొప్ప ఎవరు కుట్టిండ్రు?" అన్నాను. "నేనే, నా చేతుల్తోనే" అన్నాడు. గుంపు మళ్లీ అరవడం మొదలుపెట్టింది. ఎవరో గొడ్డలి తీసుకుని చెట్ల వైపు నడిచారు. డాక్టరు కూడా ఒప్పుకున్న సంగతి ఈ ఒక్క మనిషి దగ్గర తప్పిపోతోందే అని నాకు ఏడుపొచ్చింది.

అప్పుడు ముత్తయ్య మాట్లాడాడు. అప్పటిదాకా ఆయన గొంతు వినలేదు నేను.

"రాములూ, నేను లొట్లు దించేటప్పుడు నువ్వు యాడ పన్నవ్ రా?"

"యాడ పంటే నీకేంది?"

"చెట్టు మీదికెళ్లి చూసిన. నీలం పట్టా మీద పన్నవ్. అంగీ ఇప్పి తలకింద పెట్టుకున్నవ్. గంట సేపు పన్నవ్."

నీలం పట్టా! గింజలకు మందు కలిపిన పట్టా!

"రాములూ, వెనక్కి తిరుగు" అన్నాను. తిరగలేదు. ట్రాక్టరు డ్రైవరే వాడి భుజాలు పట్టుకుని తిప్పి, అంగీ పైకెత్తాడు. చెమటకు అంటుకుని ఆరిపోయిన తెల్లటి పొడి వీపంతా చారలు చారలుగా ఉంది. నడుం దగ్గర దద్దురు కూడా లేచింది. ఆడవాళ్లలో ఒకామె వేలితో గీసి, తన చీర కుచ్చిళ్లకు అంటిన పొడి పక్కన పెట్టి చూపించింది. రెండూ ఒకటే.

నేను ట్రాలీ మీద ఎగిరి గంతేశాను! సిగ్గు లేకుండా చప్పట్లు కొట్టాను. నలభై దాటినదాన్ని, ఇంత జనంలో, ఇంత జరిగాక అట్లా గంతులేయడం ఏమిటని తర్వాత అనిపించింది గానీ అప్పుడు నా కాళ్లు నా మాట వినలేదు. ఒక మనిషి బతుకు నిలబెట్టే జవాబు దొరికినప్పటి ఆనందం నాకు ఏ పరీక్షలో ఎన్ని మార్కులొచ్చినా కలగలేదు.

మోకు ముడి విప్పింది రాములే. విప్పుతూ ముత్తయ్య ముఖం వైపు చూడలేకపోయాడు. కోటేశ్వరరావు గారు మంచినీళ్లు తెచ్చి ఇచ్చారు. నేను ముత్తయ్య ముందు కూర్చుని, "తప్పు నాది తాతా" అన్నాను. ఆయన నోరు పుక్కిలించి ఉమ్మేశాడు. "నన్ను కొట్టిన దెబ్బలు కనిపిస్తయ్ బిడ్డా, నువ్వు చేసింది కనిపించదు" అన్నాడు. పగలని ఆ ఒక్క లొట్టిని ఆయనే చేతులారా మట్టిలో వంచేశాడు. ఆడవాళ్లను అక్కడే బోరు దగ్గర సబ్బుతో చేతులు, కాళ్లు కడుక్కోమన్నాం. పట్టాను వాగులో కడగబోతుంటే నేను అడ్డుపడ్డాను. కల్లే కాదు, రెండు వారాలు దగ్గు సిరపు కూడా డాక్టరును అడక్కుండా తాగొద్దని పేరు పేరునా చెప్పాను, ఎందుకంటే కొన్ని సిరపుల్లోనూ ఆల్కహాల్ ఉంటుంది. మిగిలిన గింజల్ని పిల్లలు నోట్లో వేసుకోకుండా ఆ సాయంత్రమే పొలంలో గొయ్యి తీసి పూడ్పించాం.

భద్రు, మిగతా ముగ్గురు మర్నాడు ఇంటికెళ్లారు. భద్రు తల్లిని ఖమ్మం తీసుకెళ్లారు. మూడో రోజు లేచి కూర్చుని, వాళ్ల భాషలో నన్ను బాగా తిట్టిందని భద్రు నవ్వుతూ చెప్పాడు. ఆ తిట్లు విన్నాకే నాకు రెండు రోజుల తర్వాత నిద్ర పట్టింది. వ్యవసాయాధికారికి నేనే వెళ్లి రాసిచ్చాను. నోటీసు వచ్చింది, కొన్నాళ్లు కొట్టు మూతపడింది. అన్యాయం అని నేను ఎవరితోనూ అనలేదు.

ఆ రోజు నుంచి మా కొట్లో విప్పిన బస్తా ఉండదు. చిన్న ప్యాకెట్లు అయిపోతే అయిపోయాయంతే. పదును పోతుందని ఎవరు ఒంటికాలి మీద లేచినా సరే. థైరామ్ ప్యాకెట్‌తో పాటు ఒక జత గ్లౌజులు పెడతాను, కరపత్రం విప్పి చదివిస్తాను, చదువు రాకపోతే నేనే చదువుతాను. చివర్న రెండు ప్రశ్నలు వేస్తాను. చేతులకేం తొడుక్కుంటావు, మాపటేల ఏం తాగుతావు అని. మొదట్లో అందరూ నవ్వేవాళ్లు. మందులమ్మే ఆమెకు మా కల్లుతో ఏం పని అని వేళాకోళం చేసేవాళ్లు. నాకు తెలిసింది ఇదే. నేను అమ్మే మందు పొలం గట్టు దగ్గర ఆగదు. అది చేతులతో ఇంటికి పోతుంది, పట్టా మీద పడుకుంటుంది, దొప్పలో పడుతుంది. గుణగణాలు కంఠతా వస్తే చాలదు, దాన్ని ముట్టే మనిషి రోజెట్లా గడుస్తుందో కూడా తెలియాలి.

మరుసటి ఏడు విత్తనం రోజు కోటేశ్వరరావు గారు నన్నూ పిలిచారు. మధ్యాహ్నం ముత్తయ్య లొట్టితో వచ్చాడు. ఆ ఏడాదిలో ఆయన నాతో రెండు మాటలకు మించి మాట్లాడింది లేదు. అందరూ వరసగా కూర్చున్నారు. ఆయన ఎవరికీ వెంటనే పోయలేదు. ఒక్కొక్కరి ముందు ఆగి, "చేతులు చూపియ్" అన్నాడు. అరచేతులు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. రాములును వీపు కూడా చూపించమన్నాడు. అందరూ పడీ పడీ నవ్వారు, రాములు కూడా నవ్వి అంగీ ఎత్తాడు. గింజలు ముట్టినవాళ్లంతా ఆ రోజు మజ్జిగే తాగారు.

నా వంతు వచ్చింది. చేతులు చాపాను. ఆయన వాసన చూసి, నా కళ్లలోకి చూశాడు.

"గంధకం వాసనొస్తుంది బిడ్డా."

"పొద్దున షాపుల ఒక ప్యాకెట్ చిరిగితే ఊడ్చిన తాతా. గ్లౌజులేసుకునే ఊడ్చిన. సబ్బుతో కడుక్కున్న కూడా."

"ఏమైతే ఏంది. వాసన వస్తుంది. నీకు పొయ్య."

ఎంత బతిమాలినా పోయలేదు. లొట్టి ఎత్తుకుని నన్ను దాటి పక్క మనిషి దగ్గరికి వెళ్లిపోయాడు. నా చేతిలో మోదుగాకు దొప్ప ఖాళీగానే ఉంది. దాన్ని మడిచి స్కూటీ డిక్కీలో పెట్టుకుని, దారంతా నవ్వుకుంటూ, మధ్యలో కళ్లు తుడుచుకుంటూ ఇంటికొచ్చాను.

అది ఎండిపోయి ఇప్పటికీ నా కొట్లో ఉంది, థైరామ్ ప్యాకెట్లు పెట్టే అరలోనే.